బావ తెచ్చిన 1943 పెన్నీ

సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి వచ్చిన మా బావ జేబులోంచి ఒక నాణెం తీసి నా చేతిలో పెట్టాడు. "1943 రాగి పెన్నీ రా, అక్కడ పాత సామాన్ల సంతలో ఐదు డాలర్లకే దొరికింది, లక్షలు పలుకుతుందట!" చూస్తే నిజంగానే రాగి రంగు. నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే ఆ ఏడాది పెన్నీ, అంటే అమెరికా ఒక సెంటు నాణెం, రాగిది కాకూడదు.

అప్పుడు యుద్ధం. తూటాల తొడుగులకు రాగి కావాల్సొచ్చి, అమెరికా వాళ్లు ఆ ఏడాది సెంట్లను జింకు పూత పూసిన ఉక్కు బిళ్లల మీద కొట్టారు, వంద కోట్లకు పైనే. తెల్లగా మెరుస్తుంటే జనం పది సెంట్ల నాణెం అనుకునేవాళ్లు, పైగా తుప్పు ఒకటి. అయితే అంతకుముందటి రాగి బిళ్లలు కొన్ని తొట్ల మూలల్లో ఇరుక్కుపోయి, ఎవరి కంటా పడకుండా ఉక్కువాటితో కలిసి అచ్చు కిందికి వెళ్లిపోయాయి. ఇప్పటికి బయటపడినవి చాలా కొద్ది. అందులో డెన్వర్ టంకశాలది ఒక్కటే, అది 2010లో 17 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

నాకు ఇష్టమైన కథ మాత్రం మసాచుసెట్స్‌లో 16 ఏళ్ల కుర్రాడిది. 1947లో స్కూలు క్యాంటీన్‌లో ఇచ్చిన చిల్లరలో అతనికి ఇలాంటి 1943 రాగి పెన్నీ దొరికింది. ఇలాంటిది తెస్తే ఫోర్డ్ కారు ఇస్తారని పుకారు, ఆ కంపెనీని అడిగితే అదేం లేదన్నారు. ప్రభుత్వాన్ని అడిగితే 1943 పెన్నీలన్నీ ఉక్కువే అని జవాబు! పాపం, చేతిలో పెట్టుకుని మరీ అడిగాడు. డెబ్బై ఏళ్లు దాచుకున్నాడు, ఆయన పోయాక 2019 వేలంలో 2,04,000 డాలర్లు పలికింది.

1944లో మళ్లీ రాగికి మారాక ఇదే తిరగబడింది, ఈసారి ఉక్కు బిళ్ల మీద పడ్డ పెన్నీలు అరుదైపోయాయి. అదే ఏడాది ఫిలడెల్ఫియా టంకశాలలో బెల్జియం కోసం 2 ఫ్రాంకుల నాణేలు కొట్టింది కూడా మిగిలిన ఆ ఉక్కు బిళ్లల మీదే.

సరే, బావ నాణెం సంగతి. మోసాలు రెండు రకాలు: 1948 పెన్నీలో 8ని గీకి 3 చేయడం, ఉక్కు పెన్నీకి రాగి పూత పూయడం. అసలుది 3.11 గ్రాములు, ఉక్కుది 2.7 దాకా. తూకం దాకా ఎందుకని ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి దగ్గర పెట్టాను. టక్కున అంటుకుంది.

బావ కాసేపు ఏం మాట్లాడలేదు. "పాలవాడి బిల్లు నిలబడట్లేదు, అలాగే ఉంచు" అంది అమ్మ. ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది.