ఎర్రగడ్డలో బొమ్మ కార్ల వేట: 14 ఆదివారాల లెక్క

జూన్ మొదట్లో మొదలుపెట్టా. ఇప్పటికి 14 ఆదివారాలు అయ్యాయి, అందులో మూడు వానకి పోయాయి, ఒకటి మేనమామ కూతురి పెళ్లికి పోయింది, అంటే నిజంగా తిరిగింది పది వారాలే. ఈ లెక్కంతా ఎందుకు రాస్తున్నానంటే ఇంట్లో "ఈ చెత్తకి ఎంత తగలేశావ్" అని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, పైగా రాసుకోకపోతే ఏది ఎంతకి కొన్నానో నాకే గుర్తుండట్లేదు.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ సండే మార్కెట్ చూడనివాళ్లకి చెప్తున్నా, అక్కడ బొమ్మల కొట్టు అని విడిగా ఏమీ ఉండదు. నేల మీద పట్టాలు పరిచి డ్రిల్లింగ్ మిషన్లు, కుళాయి సామాన్లు, రిమోట్లు, చార్జర్లు, బూట్లు గుట్టలు పోసి ఉంటాయి. మొదటి రెండు వారాలు ప్రతి గుట్ట దగ్గరా ఆగి ఆగి కాళ్లు పీకేశాయి గానీ ఒక్కటీ దొరకలేదు. తర్వాత బుర్రకెక్కింది. ఎవరో ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత సామానంతా ఒకే గోనెసంచిలో పాత సామాన్లవాడికి పోతుంది, బొమ్మలు ఆ సంచిలోనే వస్తాయి. అందుకే స్టీలు టిఫిన్ బాక్సు, గ్రూప్ ఫోటో ఫ్రేము, ముల్లు విరిగిన గోడ గడియారం, ఇలాంటివన్నీ కలిసి ఉన్న పట్టా కనిపిస్తే అక్కడ కూర్చుని కింద దాకా కెలకాలి. మొత్తం చార్జర్లే ఉన్న పట్టా దగ్గర టైం వేస్ట్.

టైం అంటే నాకు ఏడూ ఎనిమిది మధ్యలో బాగా కలిసొచ్చింది. పది దాటితే జనం తొక్కిడి, ఎండ, పైగా అప్పటికి మంచివి ఎవరో ఒకరు ఏరుకెళ్లిపోతారు. పొద్దున్నే ఇంకో లాభం బోణీ. బోణీ బేరాన్ని ఊరికే పంపించడం ఎవరికీ ఇష్టం ఉండదు, 300 చెప్పినవాడు "బోణీ టైం అన్నా, 200 ఇచ్చి తీస్కపో" అంటాడు. కానీ బోణీ టైంలో బేరం మొదలుపెట్టి కొనకుండా లేచి వెళ్లొద్దు, తిడతారు, నన్ను తిట్టారు, అది న్యాయమే.

మూడో వారం పెద్ద దెబ్బ తిన్నా. రేకు మోటార్‌సైకిల్, తాళం తిప్పితే నడిచేది, మీద బొమ్మ మనిషి, "ఆంటిక్ సార్, మా తాత టైంది" అన్నాడు, 650 పెట్టి తెచ్చుకుని ఇంట్లో లైటు కింద చూస్తే రేకు అంచులు మడిచిన చోట లోపలి భాగం కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. పైన మాత్రం ఎవరో కావాలనే మురికి రుద్దారు. నిజంగా పాతదైతే మడతల్లోపలే ముందు తుప్పు పడుతుంది, చేత్తో పట్టుకునే చోట ప్రింటు అరుగుతుంది, దీనికి సీటు కింద అరిగింది, అక్కడ ఏ పిల్లాడు పట్టుకుంటాడు చెప్పండి. తర్వాత వారం అలాంటివే ఐదు వరసగా ఇంకో పట్టా మీద కనిపించాయి. దాన్ని ఇప్పుడు టీవీ పక్కన పెట్టా, బుద్ధి రావడానికి.

అక్కడి నుంచి ఒకటే రూలు, ఏ బండి దొరికినా ముందు వెల్లకిలా తిప్పి పొట్ట చదవాలి. ఫోన్ టార్చ్ పక్క నుంచి వాలుగా కొడితే అరిగిపోయిన అక్షరాలు కూడా లేచి కనిపిస్తాయి, ఎదురుగా కొడితే ఏమీ కనపడదు.

ఐదో వారం 200కి ఒక కవర్, అందులో తొమ్మిది చిన్న కార్లు. ఆరు ఊరూ పేరూ లేనివి. రెండిటి పొట్ట మీద హాట్ వీల్స్ కార్లు చేసే అమెరికా కంపెనీ మ్యాటెల్ పేరుతో పాటు లియో, ఇండియా అన్న మాటలు ఉన్నాయి. ఇక్కడ నేనొక తప్పు చేశా, ఒకదాని మీద 1974 అని ఉంటే యాభై ఏళ్ల కారు దొరికిందని మా తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పా. తర్వాత తెలిసింది, హాట్ వీల్స్ కింద ఉండే సంవత్సరం ఆ మోడల్ డిజైన్‌కి కాపీరైట్ తీసుకున్న సంవత్సరం, మన చేతిలో ఉన్న కారు తయారైన సంవత్సరం కాదు. అదే అచ్చుతో పదిహేనేళ్ల తర్వాత పోసినా అదే అంకె ఉంటుంది. తమ్ముడికి మళ్లీ ఫోన్ చేయలేదు.

లియో కథ మాత్రం నాకు భలే నచ్చింది. అప్పట్లో బయటి నుంచి బొమ్మలు దిగుమతి చేసుకోవడం తేలిక కాదు, ఆ రోజుల్లో వీఐపీ సూట్‌కేసుల బ్లో ప్లాస్ట్ వాళ్లు లియో పేరుతో బొమ్మలు చేసేవాళ్లు, తర్వాత మ్యాటెల్‌తో కలిశారు. హీ-మ్యాన్ బొమ్మలు కూడా లియో ఇండియావి ఉన్నాయి. అలాగే మద్రాసు టైర్ల కంపెనీ ఎంఆర్ఎఫ్, అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కలిసి 1987లో పెట్టిందే ఫన్‌స్కూల్. సూట్‌కేసులవాళ్లు ఒకపక్క, టైర్లవాళ్లు ఇంకోపక్క మన చిన్నప్పటి బొమ్మలు చేశారన్నమాట. మార్కెట్లో అందరూ "ఇంపోర్టెడ్ ఉందా" అని అడుగుతారు, అమ్మేవాళ్లు కూడా ఇండియా అని కనపడితే రేటు తగ్గించేస్తారు. కానీ మన దగ్గర తయారైన వాటికి రంగులూ స్టిక్కర్లూ వేరేగా ఉండేవి, అందుకే బయటి దేశాల్లో సేకరించేవాళ్లు వాటి కోసమే వెతుకుతారు. సండే మార్కెట్లో మన అడ్వాంటేజ్ అంతా ఇదే.

తొమ్మిదోది లెస్నీ, "మేడ్ ఇన్ ఇంగ్లండ్". మ్యాచ్‌బాక్స్ కార్లు చేసిన కంపెనీ ఇదే, 1982లో దివాళా తీసి చేతులు మారింది, కాబట్టి పొట్ట మీద లెస్నీ అని ఉంటే దాదాపు అంతకు ముందుదే. అగ్గిపెట్టె పేరు ఎందుకంటే, అందులో భాగస్వామి జాక్ ఓడెల్ కూతురు చదివే బళ్లో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ మాత్రమే తెచ్చుకోవచ్చని రూల్ అంట, ఆయన ఇత్తడితో చిన్న రోడ్ రోలర్ చేసిచ్చాడు, అక్కడ మొదలైంది. నా దానికి రంగు సగం పోయింది. మళ్లీ వేద్దామని చెయ్యి దురద పెట్టింది గానీ ఆపుకున్నా, రంగు వేస్తే దాని విలువ పోతుంది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్, తర్వాత హెయిర్ డ్రయర్‌తో ఇరుసుల దగ్గర తడి లేకుండా ఆరబెట్టడం, అంతే చేశా. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరికి కూడా రానివ్వొద్దు, పేరు లేని కారు మీద ట్రై చేశా, ప్లాస్టిక్ అద్దం పాలలా తెల్లబడిపోయింది. స్టిక్కర్ జిగురుకి కొబ్బరినూనె చాలు, పావుగంట ఉంచి బట్టతో తుడిస్తే వచ్చేస్తుంది.

ఏడో వారం జి.ఐ. జో సైనికుడి బొమ్మలు రెండు, కలిపి 60. ఒకటి నడుం దగ్గర రెండు ముక్కలుగా ఊడి ఉంది, అమ్మేవాడు విరిగిపోయిందనుకున్నాడు. విరగలేదు. ఆ 3.75 అంగుళాల బొమ్మల కడుపులో ఒక నల్ల రబ్బరు రింగు ఉంటుంది, కాళ్లనీ ఛాతీనీ అదే లాగి పట్టుకుంటుంది, ఏళ్లు గడిచాక ఎండి తెగిపోతుంది. వీపు మీద ఒక స్క్రూ, అది తీస్తే ఛాతీ రెండు పెంకులుగా విడిపోతుంది, తెగిన రింగు ముక్కలు చక్కెర పలుకుల్లా రాలాయి. ఆ ముక్కల్ని కాగితంలో చుట్టి వాటర్ ఫిల్టర్ సర్వీస్ షాపుకి తీసుకెళ్తే ఆయన డబ్బాలోంచి ఐదారు ఓ-రింగులు తీసి చూపించాడు, కాస్త సన్నంగా ఉన్నవి రెండు తీసుకున్నా, 20 రూపాయలు. పెట్టేటప్పుడు కాళ్ల మధ్య ఉన్న కొక్కేనికి రింగు తగిలించి, పైన ఛాతీలో ఉన్న పుల్లకి లాగి తగిలించి, వీపు మూసి స్క్రూ బిగించాలి, స్క్రూ ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. ఇప్పుడు సైనికుడు నిటారుగా నిలబడ్డాడు, చేతి బొటనవేలు మాత్రం లేదు, ఈ బొమ్మలకి అది సగం వాటికి ఉండదు, తుపాకీ గుచ్చి గుచ్చి పిల్లలు విరిచేస్తారు.

హైదరాబాద్‌లోనే ఇంకో పాత సామాన్ల సంత జుమ్మెరాత్ బజార్, అది గురువారం. లీవ్ పెట్టి వెళ్లా. ఇనుప సామాను, పాత ఫర్నిచర్ ఎక్కువ, బొమ్మలు నాకేం కనపడలేదు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ రెజ్లింగ్ ట్రంప్ కార్డుల కట్ట ఒకటి 40కి తెచ్చా. 2002లో ఆ కంపెనీ పేరు డబ్ల్యూడబ్ల్యూఈ అయింది కాబట్టి ఎఫ్ ఉన్నవి సాధారణంగా అంతకు ముందువి. కట్టలో యోకోజునా లేడు, వెయిట్ పందెంలో అందర్నీ కొట్టే కార్డే లేకపోతే ఇంకేం ఆట.

తొమ్మిదో వారం వ్యూ-మాస్టర్, మూడు రీళ్లతో 250, బేరం 400 నుంచి మొదలైంది. పటేల్ ఇండియా వాళ్లు బొంబాయిలో చేసింది. కళ్లు పెట్టి మీట నొక్కితే టక్ మని బొమ్మ మారేది, గుర్తుందా? ఒక్కో రీలులో 14 చిన్న ఫిల్ములు, కుడి కన్నుకొకటి ఎడమ కన్నుకొకటి, అంటే చూసేది ఏడు దృశ్యాలే. రెండు రీళ్లు మొత్తం ఎర్రగా తిరిగిపోయాయి, అది ఫిల్మ్ రంగు పోవడం, మనం చేసేదేమీ లేదు. కోడాక్రోమ్ అనే ఫిల్మ్ మీద తీసినవైతే రంగు నిలుస్తుంది. కొనేముందు రీలుని ఆకాశం వైపు ఎత్తి చూస్తే చాలు తెలిసిపోతుంది, నేను హడావిడిలో ఒకటే ఎత్తి చూశా.

అట్టపెట్టె దొరికితే మాత్రం పారేయొద్దు, దాని మీద అడ్రసే క్యాలెండరు. పిన్‌కోడ్లు వచ్చింది 1972 ఆగస్టు 15న, కాబట్టి "బొంబాయి-13" లాగా చిన్న అంకె ఉంటే అంతకు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ, ఆరంకెలు ఉంటే కచ్చితంగా తర్వాతది. బొంబాయి 1995లో ముంబై అయింది, మద్రాసు 1996లో చెన్నై, కలకత్తా 2001లో కోల్‌కతా. పాత అట్టలు కొన్నాళ్లు వాడతారనుకో, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ.

ఇక అసలు సంగతి, పదమూడో ఆదివారం. ఒక చాచా పట్టా మీద తలుపు గొళ్లేలు, బోల్టులు ఉన్న డబ్బా. అడుగున చెయ్యి పెడితే బరువుగా ఒక వ్యాను తగిలింది, అరచేతిలో సగం, రెండు చోట్ల మాత్రమే రంగు మిగిలింది, ఒక టైరు లేదు. తిప్పి టార్చ్ వాలుగా కొట్టా. "టాయ్స్" అన్న మాట శుభ్రంగా ఉంది, దాని ముందు మాట దగ్గర మాత్రం లోహం గీకేసినట్టు గరుకుగా ఉంది, ఆ గరుకు మీద "నిక్కీ". గుండె ఒక్కసారి దడ దడ.

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ మెకానో కంపెనీ చేసిన బొమ్మ బండ్లు డింకీ టాయ్స్. వాళ్లు వాడేసిన కొన్ని అచ్చులు 1960ల చివర్లో కలకత్తాకి వచ్చాయి, ఇక్కడివాళ్లు అచ్చులో డింకీ అన్న పేరు చెరిపేసి నిక్కీ అని పెట్టి పోశారు. నాకు దొరికింది స్టాండర్డ్ 20 మినీ బస్సు. ఆ స్టాండర్డ్ 20 అసలు బండి కూడా ఒకప్పుడు మద్రాసులో తయారయ్యేది. సాయంత్రం నాన్న చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి "అరే, మా ఊరి ఆసుపత్రి బండి ఇదే కదరా" అన్నాడు, మామూలుగా నేను తెచ్చిన వాటిని ఆయన ముట్టుకోడు కూడా.

చాచా 300 అన్నాడు. నేను టైరు లేదన్నా. ఆయన "బచ్చోంకా ఖిలోనా హై బేటా, టైర్ సే క్యా" అని నవ్వాడు. 180కి ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే 300 ఇచ్చినా తప్పులేదు, ఇంటికొచ్చాక కాస్త సిగ్గేసింది, వచ్చేవారం ఆయన దగ్గరే ఏదైనా బేరం ఆడకుండా కొంటా.

లెక్క: మోటార్‌సైకిల్ 650, కార్ల కవర్ 200, జి.ఐ. జో 60, కార్డులు 40, వ్యూ-మాస్టర్ 250, నిక్కీ 180, మొత్తం 1380. ఓ-రింగులు 20, చిన్న స్క్రూడ్రైవర్ సెట్ 150, బ్యాటరీ లీకైన ఒక బొమ్మ కోసం వెనిగర్ 45, ఆ బొమ్మ ఊరికే వచ్చింది, బాగవ్వలేదు. అంతా కలిపి 1595. పెట్రోలు రాయట్లేదు, ఇంట్లో చూస్తారు.

ఇప్పుడు పెండింగ్ ఆ నాలుగో టైరు. మిగిలిన మూడూ ఎండిపోయి పగుళ్లిచ్చాయి, ఒకటి తీసి కొలుద్దామంటే చేతిలోనే చీలేలా ఉంది, అందుకే తియ్యకుండానే స్కేలు పెట్టి అడ్డం కొలిచి రాసుకున్నా. ఓ-రింగు గుండ్రంగా ఉంటుంది, దీని టైరు కాస్త చదునుగా ఉంది, సరిగ్గా కుదరకపోవచ్చు. శనివారం బస్సు జేబులో వేసుకుని మళ్లీ ఆ ఫిల్టర్ షాపాయన దగ్గరికే వెళ్తున్నా.