ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్: జవాబు ఎక్కడ మొదలుపెట్టాలి

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో ఎగ్జామినర్‌తో మాట్లాడే భాగం స్పీకింగ్. దానికి మూడు పార్టులు. దీనికి ప్రిపేరయ్యేవాళ్లు ముందుగా బట్టీ పట్టేది జవాబు మొదలుపెట్టే మాటలనే. ‘దట్స్ ఎ వెరీ ఇంట్రెస్టింగ్ క్వశ్చన్’, ‘వెల్, టు బీ ఆనెస్ట్’ లాంటివి. ఇష్టమైన రంగు అడిగినప్పుడు ‘టు బీ ఆనెస్ట్’ అతకదు. పైగా పార్ట్ 1లో 4-5 నిమిషాల్లోనే వరసగా చిన్న చిన్న ప్రశ్నలు వస్తాయి. ప్రతిదానికీ ‘వెల్’ అంటే ఎగ్జామినర్‌కి అది పట్టేస్తుంది. ఇలాంటి మాటలు అతిగా వాడటం ఫ్లూయెన్సీలో (ధారాళంగా మాట్లాడటంలో) బ్యాండ్ 5, అంటే తొమ్మిదికి ఐదు స్కోరు లక్షణంగానే మార్కుల ప్రమాణాల్లో రాసి ఉంది.

మన అసలు చిక్కు వాక్యం వరసలో ఉంది. తెలుగులో కారణం ముందు, తేల్చి చెప్పేది చివర: ‘ట్రాఫిక్ ఎక్కువ కాబట్టి బస్సెక్కను’. ఇంగ్లిష్‌నీ అలాగే ‘బికాజ్’తో ఎత్తుకుంటే, అసలు జవాబు దగ్గరికొచ్చేసరికి వాక్యం చిక్కుపడుతుంది. ‘ఫ్యామిలీ విషయానికొస్తే’ అన్న అలవాటే ‘కమింగ్ టు మై ఫ్యామిలీ’ అవుతుంది. ఇంగ్లిష్ సంభాషణలో జవాబు ముందు, కారణం తర్వాత.

‘డు యు లైక్ కుకింగ్?’ అంటే ‘యెస్, ఐ లైక్ కుకింగ్’ అని ప్రశ్ననే తిప్పి చెప్పకండి. ‘యా, క్వైట్ ఎ లాట్’, ‘నాట్ రియల్లీ’, ‘ఓన్లీ ఆన్ సండేస్’. వీటిలో నిజంగా మీకు వర్తించేదాన్ని అనేసి, వెనకాలే ఒకటి రెండు వాక్యాలు కారణమో ఉదాహరణో చెప్పండి. మొదట్లో పేరడిగితే పేరే చెప్పాలి. ‘మైసెల్ఫ్’ అంటూ సెల్ఫ్ ఇంట్రడక్షన్ అక్కర్లేదు.

పార్ట్ 2లో టాపిక్ రాసి ఇచ్చే కార్డు మీది వాక్యాన్నే చదివినట్టు మొదలుపెడితే మాటలు మీవి కావు. ఒక నిమిషం ప్రిపరేషన్‌లో మొదటి వాక్యానికి మనిషి, చోటు, కాలం మాత్రం నోట్ చేసుకోండి: ‘దిస్ వాజ్ ఇన్ ఇంటర్ సెకండ్ ఇయర్’ అనకుండా ‘వెన్ ఐ వాజ్ సెవెంటీన్’ అనండి. ఇంటర్ అంటే మనకే తెలుసు.

పార్ట్ 3 వేరు. ఇక్కడ ఆలోచించాల్సిన ప్రశ్నలుంటాయి కాబట్టి ‘ఐ హావెంట్ రియల్లీ థాట్ అబౌట్ దట్’ ఒకసారి సహజమే. విషయం కోసం ఆగడం వేరు, మాట దొరక్క ఆగడం వేరు. పై బ్యాండ్లలో ఈ తేడా చూస్తారు. ‘ఇట్ డిపెండ్స్’ అన్నారంటే దేనిమీదో వెంటనే చెప్పాలి, లేకపోతే తప్పించుకున్నట్టుంటుంది.

ప్రాక్టీస్‌కి పది ప్రశ్నలకు ఫోన్‌లో రికార్డు చేసి, ప్రతి జవాబులో మొదటి మూడు సెకన్లే వినండి. ఒకే మాట మూడుసార్లకు మించి వస్తే మర్నాడు ఆ మాట లేకుండా అవే ప్రశ్నలు. ‘ఎవ్రీ’ ‘యెవ్రీ’గా, ‘ఓన్లీ’ ‘వోన్లీ’గా పలుకుతున్నారేమో కూడా అప్పుడే గమనించండి. అచ్చుతో మొదలయ్యే మాటల్లో మనకు ఈ యకార వకారాలు తెలియకుండానే దొర్లుతాయి.