నోరెక్కువ

"నేను బాంజాంగ్‌కి నిలబడను" అంది మా పెద్దది, సాక్సులు విప్పుకుంటూ. ఇక్కడ కొరియా స్కూళ్ళలో బాంజాంగ్ అంటే క్లాస్ లీడర్. పోయినేడు వైస్‌గా చేసింది. ఈసారి లీడర్ అవుతుందని ఇండియాలో సగం మందికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

"ఎందుకే?"

"పెద్దవాళ్ళకి ఎదురు మాట్లాడకూడదని నువ్వే అంటావ్‌గా. ఇంట్లో ఎదురు మాట్లాడకుండా, అక్కడ అందరి ముందూ నిలబడి ఏం మాట్లాడను? తమ్ముడు వాదిస్తే లాయరవుతాడంటావ్. నేను వాదిస్తే నోరెక్కువంటావ్."

అంటానా? అంటాను. మొన్న ఆదివారం కూడా అన్నాను.

దక్షిణ కొరియాలోని ఈ సువోన్ వచ్చి తొమ్మిదేళ్ళు. ఇక్కడి గురించి నేను కొట్టుకునే గొప్ప ఒక్కటే. పిల్లలు పెద్దవాళ్ళకి నడుం వంచి దండం పెడతారు, ఏదిచ్చినా రెండు చేతులతో అందుకుంటారు, తాత చెంచా ఎత్తేదాకా అన్నం ముట్టరు. అమెరికాలో ఉన్న మా తోడికోడలి పిల్లల్ని తలుచుకుని లోలోపల మురిసేదాన్ని. ఈ మర్యాదలన్నిటికీ మూలమంటారే, ఆ ప్రాచీన చైనా గురువు కన్ఫ్యూషియస్, నా పిల్లల్ని పైసా తీసుకోకుండా పెంచిపెడుతున్నాడని సంబరం.

ఎన్నికలొస్తే మాత్రం ఆయన్నే తిట్టుకుంటాను. 2024లో ఇక్కడి పార్లమెంటుకి 300 మందిని ఎన్నుకుంటే అందులో ఆడవాళ్ళు 60 మంది. అదే రికార్డు! పార్టీలకొచ్చిన ఓట్లని బట్టి కొన్ని సీట్లు పంచే పార్టీ జాబితాల్లో బేసి నంబర్లు ఆడవాళ్ళకే ఇవ్వాలని చట్టం ఉన్నా అంతే. 2025 జూన్‌లో అధ్యక్ష ఎన్నిక బ్యాలెట్ మీద ఒక్క ఆడ పేరు లేదు. నాకు ఓటు లేదు గానీ కోపానికేం లోటు? ఆ రాత్రి మా ఆయనకి క్లాసు పీకాను. చిన్నప్పుడు తండ్రి మాట, పెళ్ళయ్యాక మొగుడి మాట, ఆయన పోయాక కొడుకు మాట వినాలనే కన్ఫ్యూషియన్ నియమం 'సంజోంగ్జిడో' గురించీ, ఇంటిపెద్ద హోదా మగవాళ్ళ వరసలోనే నడిచే హోజు పద్ధతి 2008 వచ్చేదాకా చట్టంలోనే ఉండటం గురించీ. ఆయన చారన్నం కలుపుకుంటూ "పితా రక్షతి కౌమారే..." అని మన మనుస్మృతి శ్లోకం రాగం తీశాడు. అక్కడితో నా క్లాసు అయిపోయింది.

ఇప్పుడు పిల్లని ఒప్పించాలిగా. 2012లో గెలిచిన పార్క్ గున్‌హే పేరెత్తాను, ఈ దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలని. "వాళ్ళ నాన్న కూడా ప్రెసిడెంటేగా. పైగా 2017లో దించేశారు" అంది. సరే, తైవాన్‌లో త్సాయ్ ఇంగ్‌వెన్? 2016లో గెలిచింది. వెనక రాజకీయాల్లో తండ్రి లేడు, మొగుడు లేడు, అసలు పెళ్ళే చేసుకోలేదు. అక్కడి చట్టసభలో ఆడవాళ్ళు నూటికి నలభై మంది పైనే.

"అక్కడ కన్ఫ్యూషియస్ లేడా?"

"ఉన్నాడు."

"మరి తప్పెవరిది?"

నా దగ్గర జవాబు లేదు. పార్టీ జాబితాలో సగం సీట్లు ఆడవాళ్ళకని అక్కడ చట్టం ఉంది, నిజమే. కానీ సీటు రిజర్వు చేస్తే చాలు అనుకోబోతే మా ఊరు గుర్తొస్తుంది. సర్పంచ్ మా పెద్దమ్మ, కుర్చీలో మా పెదనాన్న. తైవాన్ అమ్మలు కూతుళ్ళని ఎదురు మాట్లాడనిస్తారా? లేక వాళ్ళూ నాలాగే నోరు మూయించినా, ఆ పిల్లలే వినలేదా?

గౌరవం వేరు, భయం వేరు అని పిల్లలకి నేర్పండి అని ఇక్కడ ఒక సలహా రాశాను. రాసి కొట్టేశాను. ఆ తేడా నాకు తెలిస్తే ఈ గొడవే లేదు.

చివరికి ఒక ఉపాయం తోచింది. "రా, నాతోనే వాదించు, ప్రాక్టీసవుతుంది. ఏ విషయమైనా సరే" అన్నాను. అది తడుముకోలేదు. ఫోన్ తొమ్మిదింటికే ఎందుకు తీసుకుంటావ్, తమ్ముడికి పదిదాకా ఎందుకిస్తావ్, కంచాలు నేనే ఎందుకు తియ్యాలి అని వరసగా మొదలుపెట్టింది. బాగా మాట్లాడింది కూడా.

రెండో నిమిషంలో "ఇక చాల్లే, నోరు ముయ్" అన్నాను.

పక్క గదిలోంచి తమ్ముడు కిసుక్కున నవ్వాడు.