వనస్థలిపురం యాపిల్

వనస్థలిపురంలో పిన్ని వాళ్ల మిద్దె మీద యాపిల్ కాసిందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. వాట్సాప్‌లో ఫొటో చూసి మా ఆవిడైతే "కొనుక్కొచ్చి కొమ్మకి కట్టుంటారు" అంది. జూన్‌లో ఎలాగూ హైదరాబాద్‌లో పని పడింది కాబట్టి చూసే వద్దామని బయల్దేరాను.

దారి సంగతి ఏముంది, అదే 65వ నంబర్ హైవే, అవే టోల్‌గేట్లు. సూర్యాపేట దగ్గర రెండు ఇడ్లీకి తీసుకున్న డబ్బులతో విజయవాడలో ఇద్దరం టిఫిన్ చేస్తాం. వనస్థలిపురంలో పనామా స్టాప్ దగ్గర దిగితే, రైతుబజార్ వెనక వీధికి ఆటో 150 అన్నాడు. కోపం వచ్చి నడిచాను.

చెట్టు నిజంగానే ఉంది. పెద్ద నీలం డ్రమ్ములో, నా భుజాల ఎత్తున. కాయలు మాత్రం బండి మీద మెరిసే రకం కాదు. చిన్నవి, పసుపు మీద ఎరుపు చారలు. కొరికితే కరకరమంది, కాస్త పులుపు.

"డిసెంబర్‌లో ఆకులన్నీ దూసేశాను రా" అంది పిన్ని. కశ్మీర్ రకాలకి ఏడు డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల దాకా కావాలట. హైదరాబాద్‌లో అంత చలి ఎక్కడిది? ఇది హిమాచల్‌లోని బిలాస్‌పూర్ రైతు హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అనే యాపిల్ రకం. ఆయనకి 2025లో పద్మశ్రీ కూడా వచ్చింది. చలి పెద్దగా అక్కర్లేని రకమైనా, ఆకు దూసి, నీళ్లు తగ్గించి చెట్టుని కొన్నాళ్లు పడుకోబెడితే పూత బాగా వస్తుందని పిన్ని నమ్మకం. బాబాయ్ మాత్రం "బతికున్న చెట్టుకి గుండు కొట్టింది" అని ఇప్పటికీ నవ్వుతాడు.

అసలు ఇబ్బంది కోశాకే మొదలైంది. వేడికి పండిన కాయ నాలుగు రోజుల్లో మెత్తబడిపోతోంది. అందుకని ముక్కలు కోసి, నల్లబడకుండా ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి, మామిడి ఒరుగుల్లాగే పాత పంచె మీద ఎండబెట్టింది. నేను కాఫీ తాగుతూ ఆ పంచె పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి ఎల్‌బీనగర్ వైపు నల్లగా కమ్మింది. పక్క మిద్దె మీద నుంచి ఓ పెద్దావిడ "ఓ బిడ్డా, వాన వస్తుంది, ఎత్తుర్రి!" అని అరిచింది. పంచె నాలుగు కొసలూ పట్టుకుని నేనూ బాబాయ్ మెట్ల వైపు పరుగెత్తాం. అయినా సగం తడిశాయి. ఆవిడే గొడుగేసుకుని వచ్చి ముక్క నోట్లో వేసుకుని, "ఇగ ఇవి ఎండయి. తొక్కు పెట్టుర్రి" అని తేల్చేసింది.

తడిసినవి పొయ్యి మీదికి వెళ్లాయి, జామ్‌కి. తొక్కలూ గింజల బొడ్డూ పల్చటి గుడ్డలో మూటకట్టి అందులోనే వేసింది పిన్ని, గట్టిపడే గుణమంతా వాటిలోనే ఉంటుందని. నాకు జామ్ నచ్చలేదు, ఒకటే తీపి. గట్టి కాయలు తడి లేకుండా తుడిచి, తొక్కతోనే ముక్కలు కొట్టి, ఆవకాయకి మిగిలిన ఆవపిండి, కారం, ఉప్పు, కాస్త మెంతిపిండి, నువ్వులనూనె వేసి కలిపారు. యాపిల్‌కి మామిడంత పులుపు ఉండదు కదా, నిమ్మరసం ధారాళంగా పిండారు. ఈ పచ్చడి మాత్రం వేడన్నంలో అద్భుతం! పని మీద వెళ్లిన ఆఫీసులో ఏం జరిగిందో అడక్కండి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి సోమవారం రమ్మన్నారు.

తిరుగు బస్సులో ఒళ్లో సీసా. "ఆవకాయ అనుకుని బయట పెట్టేవు, ఫ్రిజ్‌లోనే ఉంచు" అని పిన్ని రెండుసార్లు ఫోన్ చేసింది. పచ్చడి రుచి చూశాక మా ఆవిడ మొక్క కావాలంటోంది. సంక్రాంతికి కూడా ఫ్యాన్ వేసుకునే ఊరు మాది. తెమ్మంటే తెస్తాను, డిసెంబర్‌లో ఆకులు దూసే పని మాత్రం తనదే అని ముందే చెప్పేశాను.