జారులో తేరిన నీళ్లు ట్యాంకులో ఎందుకు తేరవు?

లీటరు జారులో పటిక వేసి చూస్తే నీళ్లు చక్కగా తేరతాయి. అవే పాళ్లు లెక్కగట్టి వెయ్యి లీటర్ల ట్యాంకులో వేస్తే గంట గడిచినా మసకమసకగానే ఉంటాయి. పటిక నాసిరకమనో, నీళ్లు వేరే బోరువనో కారణాలు వెతుకుతారు. చాలాసార్లు ఆ రెండూ కావు. పాత్ర సైజు మారింది, దానితోపాటు మార్చాల్సిన వేగం, సమయం మార్చలేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీల్లో నీళ్ల మీద, నేల మీద, సర్వేల మీద ప్రాజెక్టులు చేసే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. సబ్జెక్టు ఏదైనా సరే, ఒక సైజులో తేలిన ఫలితాన్ని ఇంకో సైజుకు తీసుకుపోయే ముందు ఏది ఎన్ని రెట్లు మారుతుందో కాగితం మీద వేసి చూడాలి. ఆకారం మార్చకుండా పొడవు రెట్టింపు చేస్తే ఉపరితలం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతుంది. గెలీలియో 1638లోనే ఎముకల గురించి ఈ మాట చెప్పాడు. జంతువు పొడవు మూడు రెట్లయితే బరువు 27 రెట్లు పెరుగుతుంది, ఆ బరువు మోసే ఎముక అడ్డుకోత మాత్రం 9 రెట్లే. అందుకే పెద్ద జంతువు ఎముక పొడవుకు మించి లావెక్కాలి.

ముందు మన జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతి సంగతి చూద్దాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌లో వరుస ఇది: ఫ్లోరైడ్ నీళ్లలో ముందు సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలపాలి, తర్వాత పటిక ద్రావణం పోయాలి. ఒక నిమిషం గట్టిగా, పది నిమిషాలకు పైగా మెల్లగా తిప్పాలి. గంట సేపు కదపకుండా ఉంచి పై తేట తీసుకోవాలి. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు. పటిక ఎంత వేయాలో నీళ్లలోని ఫ్లోరైడ్, క్షారత రెండూ కలిసి నిర్ణయిస్తాయి కాబట్టి పక్క ఊరి మోతాదు మన ఊరికి పనికిరాదు. ఇంటి వాడకానికి 40 లీటర్ల బకెట్ తీసుకుని, అడుగు నుంచి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తులో నల్లా పెడతారు. కింద దిగిన మడ్డి నల్లాలోకి రాకూడదు. నీళ్లలోంచి తొలగిన ఫ్లోరైడ్ అంతా ఆ మడ్డిలోనే ఉంటుంది.

మెల్లగా తిప్పే ఆ పది నిమిషాల్లోనే అసలు పని జరుగుతుంది. కంటికి కనపడని రేణువులు ఒకదానికొకటి తగిలి నూగు ముద్దలుగా కడతాయి. ల్యాబులో వీటిని ఫ్లాక్ అంటారు. రేణువు నీళ్లలో దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది (స్టోక్స్ సూత్రం). 0.01 మి.మీ. మట్టి రేణువు 20 డిగ్రీల నీళ్లలో 30 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 56 నిమిషాలు పడుతుంది. అదే మట్టి 0.001 మి.మీ. అయితే వంద రెట్లు ఎక్కువ, అంటే నాలుగు రోజుల దాకా. పటిక చేసేది సైజు పెంచడమే, మిగతాది నీళ్లు చూసుకుంటాయి.

ఇప్పుడు జారు నుంచి ట్యాంకుకు పోదాం. ఘనపరిమాణం వెయ్యి రెట్లు పెరిగిందంటే, అదే ఆకారంలో వ్యాసం, లోతు పది రెట్లు పెరిగినట్టు. జారులో మెల్లగా తిప్పేటప్పుడు నిమిషానికి 40 చుట్లు పెట్టామనుకోండి. ట్యాంకులోనూ 40 చుట్లే పెడితే రెక్క కొస వేగం పది రెట్లవుతుంది. నీటి పొరలు ఒకదాని మీద ఒకటి జారే తీవ్రత కూడా దాదాపు పది రెట్లు పెరిగి, కట్టిన ఫ్లాక్ అంతా చిరిగిపోతుంది. ఒకసారి చిరిగిన పటిక ఫ్లాక్ మళ్లీ అంత బాగా కట్టదు. ఆ సన్నని ముక్కలు తేటతో పాటే నల్లాలోకి వస్తాయి. అప్పుడు ఫ్లోరైడ్ రీడింగు పెరుగుతుంది, పటికలోని అల్యూమినియం కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు దాటవచ్చు. తీవ్రత సమానంగా ఉంచాలంటే చుట్లు వ్యాసం యొక్క మూడింట రెండో ఘాతానికి విలోమంగా తగ్గాలి. వ్యాసం పది రెట్లయితే చుట్లు 4.6 రెట్లు తగ్గాలి, అంటే 40 కాస్తా 8 లేదా 9. కట్టెతో చేత్తో తిప్పేవాళ్లకు దీనికి ఎదురు సమస్య వస్తుంది. మొదటి నిమిషంలో కావలసినంత గట్టిగా తిప్పడం వాళ్లకు సాధ్యం కాదు, పటిక ఒకచోటే ముద్దగా ఉండిపోతుంది.

సమయం లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. సెకనుకు 0.3 మి.మీ. దిగే ఫ్లాక్ పది సెంటీమీటర్ల జారులో ఐదారు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. మీటరు లోతు ట్యాంకులో దానికే 56 నిమిషాలు కావాలి. 'జారులో పది నిమిషాల్లో తేరింది' అని రిపోర్టులో రాసి, జారు లోతు రాయకపోతే ఆ వాక్యం ఎవరికీ ఉపయోగపడదు.

నేల పరీక్ష చేసేవాళ్లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. మన చెల్క నేలల్లో బంకమన్ను పాలు తేల్చడానికి పిపెట్ (నమూనా పీల్చే గాజు గొట్టం) పద్ధతిలో రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులు పది సెంటీమీటర్లు దిగే దాకా ఆగి నమూనా తీస్తారు. పట్టికలో 20 డిగ్రీలకు ఇది 8 గంటల లోపు, సుమారు 7.7. మన దగ్గర మార్చి దాటితే ల్యాబులో నీళ్లు 30 డిగ్రీలుంటాయి, చిక్కదనం తగ్గుతుంది, సమయం 6 గంటల చిల్లరకు వస్తుంది. పాత పట్టిక పట్టుకుని 7.7 గంటలకు తీస్తే అప్పటికే రెండు మైక్రాన్లవి కిందికి పోయి ఉంటాయి, 1.8 కంటే చిన్నవే పిపెట్‌లోకి వస్తాయి. బంకమన్ను తక్కువ చూపిస్తుంది. నీటి ఉష్ణోగ్రత రాసి పెట్టుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

అసలు ఫ్లోరైడ్ ఎముకలోకి ఎలా పోతుందనేది కూడా సైజు సంగతే. ఎముక ఖనిజంలో హైడ్రాక్సైడ్ అయాన్ ఉండే చోటు ఒకటుంది, దాని వ్యాసార్ధం 1.37 ఆంగ్‌స్ట్రాముల దగ్గర. ఫ్లోరైడ్‌ది 1.33. చార్జి కూడా ఒకటే, కాబట్టి ఆ చోట్లో ఇది చక్కగా కూర్చుంటుంది. క్లోరైడ్ 1.81 కాబట్టి దానికి అంత సులువు కాదు. ఉప్పు నీళ్లు తాగితే రాని ఫ్లోరోసిస్ (ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీళ్లతో రావడానికి రసాయన మూలం ఇదే. క్యాండిల్ ఫిల్టర్‌తో ఫ్లోరైడ్ ఎందుకు పోదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 0.2 మైక్రాన్ల రంధ్రం ఫ్లోరైడ్ అయాన్ కంటే 750 రెట్లు వెడల్పు. మరిగిస్తే ఇంకా చేటు, ఆవిరి పోయిన కొద్దీ మిగిలిన నీళ్లలో గాఢత పెరుగుతుంది.

ఇక బోరు. ఆరున్నర అంగుళాల బోరు బదులు పెద్ద బోరు వేస్తే నీళ్లు రెట్టింపు వస్తాయని నమ్మి ఖర్చు పెట్టే రైతులు ఉన్నారు. బావిలోకి చేరే నీరు వ్యాసార్ధం లాగరిథమ్‌ను బట్టి మారుతుంది. బోరు నీళ్లు లాగే ప్రభావం చుట్టూ 300 మీటర్ల దాకా ఉందనుకుంటే, వ్యాసం రెట్టింపు చేసినా నీళ్లు పెరిగేది 9 శాతం. అది కూడా ఒకే తీరున ఉన్న నేలలో. మన గ్రానైట్ బండలో నీళ్లు పగుళ్లలో ఉంటాయి, పగులు తగలని చోట బోరు ఎంత లావైనా ఒకటే. బోరు వెడల్పు దింపే మోటారుకు సరిపోతే చాలు. నిల్వ లెక్క మాత్రం వేరు, అది వ్యాసం వర్గంతో పోతుంది. ఆరున్నర అంగుళాల బోరు మీటరుకు 21 లీటర్లు పడుతుంది. ఎనిమిది మీటర్ల వెడల్పు బాయి మీటరుకు 50 వేల లీటర్లు పడుతుంది. రాత్రంతా మెల్లగా ఊరి, పొద్దున రెండు గంటలు మోటారు నడిపే చోట పాత బాయే మేలని నా అభిప్రాయం.

బోరు పడ్డప్పుడు వినపడే 'ఇంచు నీళ్లు', 'రెండించుల నీళ్లు' అనే మాటను పరిశోధన రిపోర్టులో అలాగే రాయకండి. పైపు వెడల్పు లెక్కన, వేగం ఒకటే అయితే రెండించులు ఇంచుకు నాలుగు రెట్లు. 90 డిగ్రీల వీ-నాచ్ పలక (వీ ఆకారంలో గాడి కోసిన పలక) మీద నీటి ఎత్తు లెక్కన 5.7 రెట్లు, ఎందుకంటే అక్కడ ప్రవాహం ఎత్తు యొక్క రెండున్నర ఘాతం. వీ-నాచ్ మీద ఒక ఇంచు అంటే గంటకు సుమారు 510 లీటర్లు, రెండు ఇంచులు 2,900, మూడు ఇంచులు 8,000 దగ్గర. ఎత్తు కొలవడంలో పది శాతం తప్పితే నీళ్ల లెక్క 25 శాతం తప్పుతుంది. చాలామంది నాచ్ మీదనే స్కేలు పెడతారు. అక్కడ నీళ్లు కిందికి వంగి ఉంటాయి కాబట్టి తక్కువ వస్తుంది. నీటి ఎత్తుకు కనీసం నాలుగింతల దూరం వెనక్కి జరిగి, నాచ్ కొన మట్టం నుంచి కొలవాలి.

నాగార్జునసాగర్ నీటిమట్టం వార్తలను కూడా ఈ కళ్లతో చదవాలి. 590 అడుగులకు ఇప్పుడు 312 టీఎంసీలు (మొదట్లో 408, మిగతా చోటు పూడిక తినేసింది), 510 అడుగులకు దాదాపు 132. మధ్యలో 80 అడుగులకు 180 టీఎంసీలు, సగటున అడుగుకు 2.25. కానీ పై అంచున ఒక్క అడుగు 3 టీఎంసీల దాకా పడుతుంది, ఎందుకంటే పైకి పోయే కొద్దీ నీరు పరుచుకునే విస్తీర్ణం పెరుగుతుంది. అడుగులను సరళరేఖలో టీఎంసీలుగా మార్చి గ్రాఫ్ గీసిన ప్రాజెక్టు రెండు చివర్లలోనూ అడుగుకు ఎంత నీరో తప్పు చెబుతుంది. కట్ట మీద ఒత్తిడి సంగతి మళ్లీ వేరు. అది జలాశయం ఎంత దూరం పరుచుకుందో అడగదు, లోతును మాత్రమే చూస్తుంది.

కోళ్ల ఫారాల వాళ్లకు ఈ లెక్క చేతిలో పనే. 40 గ్రాముల పిల్లతో పోలిస్తే రెండు కిలోల కోడికి గ్రాముకు ఉండే చర్మం 3.7 రెట్లు తక్కువ. అందుకే మొదటి వారం బ్రూడర్‌లో 33 నుంచి 35 డిగ్రీలు పెట్టి వారానికి సుమారు మూడేసి డిగ్రీలు తగ్గిస్తారు, మే నెలలో పెద్ద కోళ్లే ముందు పడిపోతాయి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర ఇంజనీరింగ్, వృక్షశాస్త్రం కలుస్తాయి. మూడెకరాల మేర పరుచుకున్న ఆ చెట్టు కొమ్మలు తమ బరువుకు తామే విరగకుండా ఆపేవి ఊడలు. రెండు ఊడల మధ్య దూరం సగమైతే, అదే లావు కొమ్మలో సొంత బరువు వల్ల వచ్చే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు, మరుసటి ఏడాది చెదల మీద క్లోర్‌పైరిఫాస్ కలిపిన ద్రవాన్ని సెలైన్ సీసాలతో ఎక్కించారు. చెదలు కొమ్మ లోపల సగం వ్యాసం మేర తినేసినా వంగకుండా ఆపే బలం పోయేది 6 శాతమే. పైన బలంగా కనపడే ఊడ మొదలును తింటే మాత్రం దాని దన్ను పోయి దూరం రెట్టింపవుతుంది, ఒత్తిడి నాలుగు రెట్లు. కాబట్టి పరీక్ష ఊడల మొదళ్ల దగ్గరే మొదలవ్వాలి.

కుంటలను ఉపగ్రహ చిత్రాల్లో లెక్కపెట్టేవాళ్లకు ఒక మాట. ఎకరం కుంట అంటే 4,047 చదరపు మీటర్లు. పది మీటర్ల పిక్సెల్ ఉన్న సెంటినెల్-2లో అది 40 పిక్సెళ్లు, అందులో సగానికి పైగా అంచు మీదివి, నీళ్లూ తుమ్మచెట్లూ కలిసినవి. 30 మీటర్ల ల్యాండ్‌శాట్‌లో నాలుగైదే. 250 మీటర్ల మోడిస్‌లో ఒక్క పిక్సెల్ 15 ఎకరాలు కాబట్టి ఆ కుంట అసలు లేనట్టే. నలభై ఎకరాల చెరువుకైతే సెంటినెల్‌లో 1,600 పిక్సెళ్లకు పైగా వస్తాయి, అంచువి పదో వంతు. 'చిన్న కుంటలు ఎండిపోయాయి' అని రాసే ముందు వాటి విస్తీర్ణం, పిక్సెల్ సైజు పక్కపక్కన పెట్టండి.

సర్వేలో నమూనా సైజుకు కూడా ఇలాంటి చిక్కే ఉంది. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 400 మందితో జిల్లా మొత్తానికి ఐదు శాతం అటూఇటూగా చెప్పవచ్చు. రాష్ట్రం మొత్తానికైనా దాదాపు అంతే, జనాభా సైజుతో పనిలేదు. ఆ 400 మందినే ముప్పైకి పైగా మండలాలకు పంచి మండలాల వారీగా పోలిస్తే ఒక్కో దానికి 13 మంది వస్తారు, ఒక్కో మండలం లెక్క 27 శాతం అటూఇటూ అవుతుంది. మండలానికి మండలానికి తేడా చూపాలంటే మండలాలు నాలుగే తీసుకుని ఒక్కోదాంట్లో వంద మందిని అడగండి, అప్పుడు ఒక్కో మండలం లెక్కలో అటూఇటూ పది శాతంలోపు ఉంటుంది. వంద మందినీ ఒకే వాడలో అడిగితే ఈ లెక్క చెల్లదు. ఒకే బోరు నీళ్లు తాగే పది ఇళ్లు ఫ్లోరైడ్ విషయంలో పది నమూనాలు కావు, ఒకటే.