రెండో చిల్లు

ఆదివారం, నాషువా.

లేచేసరికి కారు మీద జానెడు మంచు. తీయడానికి బద్ధకమేసి కాఫీ పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూలబడ్డాను. అమ్మాయి అప్పటికే అక్కడ హోంవర్క్ పరుచుకుని కూర్చుంది. అమెరికా అధ్యక్ష ఎన్నిక ఏదో ఒకటి తీసుకుని, ఫలితం తిరగబడి ఉంటే ఏమయ్యేదో రాయాలట. బుష్ చేతిలో అల్ గోర్ ఓడిపోయిన 2000 ఎన్నిక తీసుకుంది. దాని కథలో గోర్ గెలిచాడు, ఇరాక్ యుద్ధం జరగలేదు, భూమి చల్లబడింది. ఒక్క పేజీలో ప్రపంచాన్ని చక్కబెట్టేసింది.

"సరే, ఎలా గెలిచాడు?" అన్నాను.

"ఫ్లోరిడాలో ఇంకో 538 ఓట్లు పడ్డాయి నాన్నా."

ఎవర్నడిగినా ఫ్లోరిడానే అంటారు. 537 ఓట్ల తేడా, డిసెంబర్ 12న సుప్రీంకోర్టు 5-4తో రీకౌంటింగ్ ఆపేయడం, అంతా సినిమాలా ఉంటుంది కదా. నాకు మాత్రం మేముండే న్యూ హాంప్‌షైర్ మీదే గుర్రు. ఇక్కడ బుష్ గెలిచింది 7,211 ఓట్లతో. అందులో 3,606 మంది అటు వేసింది ఇటు వేసి ఉంటే, ఈ చిన్న రాష్ట్రం నాలుగు ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి చివరికి తేల్చే రాష్ట్రాల ఓట్లు) చేతులు మారేవి. బుష్ 271 నుంచి 267కి దిగేవాడు, గోర్‌కి సరిగ్గా 270, గెలవడానికి కావాల్సినన్ని. ఫ్లోరిడా ఊసే ఎవరికీ అక్కర్లేకపోయేది. పైగా గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ నేడర్‌కి ఇక్కడ 22 వేల పైచిలుకు పడ్డాయి. మేం ఈ ఊరొచ్చింది చాలా ఏళ్ల తర్వాతే అయినా, కొట్లో డెబ్భై దాటినవాళ్లు ఎవరైనా ఎదురైతే, ఆ రోజు ఎటు వేశారండీ అని అడగాలని నోటిదాకా వస్తుంది.

భూమి చల్లబడ్డం గురించీ కాస్త గిల్లాను. భూతాపం తగ్గించే క్యోటో లాంటి ఒప్పందం మాకొద్దని 1997లోనే సెనేట్ 95-0తో తేల్చేసింది, గోర్ వచ్చి ఏం చేసేవాడు? ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి లీబర్మన్ 2002లో ఇరాక్ మీద యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానానికి ఓటేశాడు. అమ్మాయి మూతి ముడిచింది.

"అయినా పేరు చూసుకుని చిల్లు పొడవడం కూడా రాదా వాళ్లకి?" అంది, ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీ సంగతి వచ్చినప్పుడు. సరే అని కాగితం మీద ఆ బ్యాలెట్ గీశాను. ముసలివాళ్లకి కనపడాలని అక్షరాలు పెద్దవి చేసి, పేర్లు రెండు పేజీల్లో సర్దారు. ఎడమవైపు బుష్, కింద గోర్. కుడివైపు పైన ఇంకో అభ్యర్థి బుకానన్. మధ్యలో ఒకటే చిల్లుల వరస, ఎడమ పేరుకొకటి, కుడి పేరుకొకటి చొప్పున.

"అమ్మా, ఇటు రా. గోర్‌కి వెయ్యి."

అమ్మ కళ్లజోడు పెట్టుకుని, గాజుకున్న పిన్నీసు తీసింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "గుర్తులేవిరా?" తెనాలిలో ఇన్నేళ్లూ సైకిలో హస్తమో చూసి ముద్ర గుద్దింది, తర్వాత గుర్తు పక్కనున్న బటన్ నొక్కింది. పేరు చదివే అవసరం ఎప్పుడూ రాలేదు.

"గుర్తులుండవు. రెండోవాడే గోర్."

రెండో చిల్లు టక్కున పొడిచింది.

"అది బుకానన్‌ది నానమ్మా!"

"అయ్యో, ఉండవే," అంటూ మూడోదీ పొడిచేసింది.

నేనేం మాట్లాడలేదు. సరిగ్గా ఇలా రెండేసి చిల్లులు పడి ఆ ఒక్క కౌంటీలోనే 19 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. బుకానన్‌కి అక్కడ 3,407 వచ్చాయి. అవన్నీ తనవి కావని ఆయనే ఒప్పుకున్నాడు.

అమ్మాయి కాగితాన్ని కిటికీకేసి ఎత్తి పట్టుకుని రెండు చిల్లుల్లోంచీ చూసింది. తర్వాత తను రాసిన పేజీ తీసి మొదటి వాక్యం కొట్టేసింది. దాని పైన పెన్సిల్‌తో రాసింది: "ఆ ఏడాది పామ్ బీచ్‌లో పేర్లన్నీ ఒకే పక్క అచ్చేశారు."