తేడా సరే, మౌనం ఎందుకు?

చిన్న వ్యాపారుల దగ్గర చేతితో చేసిన వస్తువులు కొనేవారు ఎలాంటి సేవను ఆశించవచ్చునన్న చర్చ వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. డబ్బు చెల్లించాము కనుక పెద్ద సంస్థలు ఇచ్చే సేవే ఇక్కడా అందాలని కొందరంటారు. పాపం, ఒక్క మనిషి ఇంట్లో కూర్చుని చేసుకుంటున్న పని, కాస్త సర్దుకుపోవాలని మరికొందరంటారు. రెండింటిలోనూ సగం నిజమే ఉందని నా అభిప్రాయం. చేతిపని అన్న కారణం వస్తువులో కనిపించే చిన్న తేడాలకూ, తయారీకి పట్టే సమయానికీ సరిపోతుంది గాని, అడిగిన ప్రశ్నకు వారాల తరబడి జవాబు రాకపోవడానికి సరిపోదు.

అమెజాన్ తన ప్రైమ్ సభ్యత్వాన్ని రెండు రోజుల డెలివరీ హామీతో 2005లో ప్రారంభించింది. చేతిపని వస్తువుల అమ్మకానికి ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడి మొదలైనదీ అదే ఏడాది. ఇప్పుడు రెండింటిలోనూ ఒకే ఫోను మీద, ఒకే రకం బటన్ నొక్కి కొంటున్నాము కాబట్టి, గిడ్డంగిలో సిద్ధంగా ఉన్న వస్తువుకూ, ఆర్డర్ అందాక మొదలుపెట్టే వస్తువుకూ మధ్య ఉన్న దూరం తెర మీద కనిపించదు. కోల్డ్ ప్రాసెస్ పద్ధతిలో, అంటే నూనెలను క్షారంతో కలిపి ఉడికించకుండా చేసిన సబ్బును సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఆరనిచ్చాకే అమ్ముతారు. సిద్ధంగా ఉన్న సరుకు అయిపోతే, ఎంత ఎక్కువ డబ్బు ఇస్తామన్నా ఆ వారాలు తగ్గవు.

తేడా ఎక్కడ ఆగుతుంది, లోపం ఎక్కడ మొదలవుతుంది అన్నదే అసలు చిక్కు. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. మట్టి రకాన్ని బట్టి ఈ తగ్గుదల 10 శాతం దాటడం మామూలే కాబట్టి, ఒకే చేయి సారె మీద తీర్చిన రెండు కప్పులు ఎత్తులో కొద్దిగా అటూ ఇటూ రావడాన్ని తప్పుపట్టలేము. బట్టీలో ఏ మూల పెట్టారన్నదాన్ని బట్టి గ్లేజ్ (పాత్ర మీద గాజులా మెరిసే పూత) రంగు కూడా మారవచ్చు. చేతితో రంగు వేసిన నూలు ఒక విడతకూ మరో విడతకూ అచ్చంగా సరిపోలదు. అల్లికలు చేసేవారు కావలసినంత నూలును ఒకేసారి కొనిపెట్టుకునేది అందుకే. వెండి నగ నల్లబడితే మోసపోయామని గాభరా పడేవారున్నారు. గాలిలోని గంధక సమ్మేళనాలు తగిలితే అసలైన వెండి కూడా నల్లబడుతుంది.

అలాగని ప్రతిదానినీ చేతిపని ఖాతాలో వేయడం న్యాయం కాదు. గ్లేజ్ మీద సన్నని పగుళ్లను అలంకరణ పాత్రలపై అందం కోసం కావాలనే తెప్పిస్తారు. అవే పగుళ్లు తాగే కప్పు లోపల ఏర్పడి ద్రవం ఇంకిపోతూ ఉంటే, దానిని కళ అనడానికి నేను ఒప్పుకోను. మొదటి వారంలోనే కప్పు పిడి ఊడిపోయినా, సంచి కుట్లు విడిపోయినా అంతే. ఏ పనికని చెప్పి అమ్మారో ఆ పనికి వస్తువు పనికివస్తోందా అన్నదే నా కొలమానం.

ఇక మౌనం సంగతి. ఒకే మనిషి కత్తిరించి, కుట్టి, ఫొటో తీసి, ప్యాక్ చేసి, కొరియర్‌కు ఇచ్చి, సందేశాలకు కూడా జవాబివ్వాలి. కాబట్టి అర్ధరాత్రి పెట్టిన సందేశానికి తెల్లవారేసరికి జవాబు కోరడం అత్యాశే. కానీ ఫలానా రోజుల్లో మాత్రమే జవాబిస్తామని, తయారీకి ఇన్ని వారాలు పడుతుందని ముందే రాసిపెట్టడానికి ఖర్చేమీ కాదు. నేను ఆర్డర్ చేసిన ఒక తోలు సంచి చెప్పిన గడువు దాటి చాలా రోజులైనా రాలేదు. విచారిస్తే "చేతిపని కదండీ, ఓపిక పట్టాలి" అన్న జవాబు వచ్చింది. ఆలస్యం నన్ను అంతగా బాధించలేదు. నేను అడిగే దాకా ఆ సంగతి చెప్పకపోవడం బాధించింది. తోలు దొరకలేదని ఒక్క వాక్యం పంపి ఉంటే, నేను అడగవలసిన అవసరమే ఉండేది కాదు.

కొలతలిచ్చి, పేరు చెక్కించి చేయించుకునే వస్తువుల విషయంలో కొనేవారి బాధ్యత పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును కారణం చెప్పకుండా 14 రోజుల్లోగా వెనక్కి ఇచ్చే హక్కును ఐరోపా సమాఖ్య 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశం కల్పించింది గాని, కొనుగోలుదారు కోరినట్టు ప్రత్యేకంగా చేసిన వస్తువులను దాని నుంచి మినహాయించింది. మనసు మారినంత మాత్రాన, ఇతరుల పేరు చెక్కిన పలకను వ్యాపారి ఎవరికి అమ్ముకోగలడు? అయితే ఆ మినహాయింపు లోపాలకు వర్తించదు. మనం పంపిన అక్షరాలనే తప్పుగా చెక్కితే మళ్లీ చేసివ్వవలసింది వ్యాపారే. అక్షరాలు తప్పుగా పంపింది మనమైతే రెండో పలక ఖర్చు మనదే. అందుకే రంగు, కొలత, అడ్వాన్స్, గడువు అన్నీ ఫోనులో మాట్లాడుకున్నా, ఆ తరువాత సందేశంగా రాసి ఒకసారి ఖాయం చేయించుకోవడం మంచిది.

దారిలో పగిలిన పార్సెల్ గురించి కొరియర్‌ను అడుక్కోండని తప్పించుకునే వ్యాపారులు కొందరున్నారు. పైన చెప్పిన ఆదేశం ప్రకారం, అమ్మినవారు ఏర్పాటు చేసిన రవాణాలో వస్తువు కొన్నవారి చేతికి అందేదాకా నష్టభారం అమ్మినవారిదే. ఎక్కడైనా ఇదే సబబు, ఎందుకంటే ఆ కొరియర్‌ను ఎంచుకున్నది మనం కాదు. మన వంతుగా పెట్టెను, లోపలి ప్యాకింగ్‌ను పారేయకుండా ఉంచి, అందిన రోజే ఫొటోలు తీసి పంపితే, వారు కొరియర్ నుంచి పరిహారం అడగడానికి ఆధారం ఉంటుంది.

రివ్యూల గురించి ఒక మాట. వేల రివ్యూలున్న కంపెనీకి ఒక్క నక్షత్రం వచ్చినా లెక్కలో కనిపించదు. పదో పన్నెండో ఉన్న దుకాణానికి అదే నక్షత్రం సగటును దిగలాగుతుంది. అందుకని అబద్ధపు పొగడ్త రాయనక్కరలేదు. ముందు నేరుగా రాసి, సరిచేయడానికి సమయమిచ్చి, ఆ తరువాత కూడా జవాబు రాకపోతే జరిగింది జరిగినట్టు తేదీలతో సహా రాయవచ్చు. సరిచేసి ఇచ్చినప్పుడు ఆ సంగతి కూడా అదే రివ్యూలో చేర్చాలి. తరువాత కొనేవారికి వస్తువు ఫొటోకంటే ఆ రెండు వాక్యాలే ఎక్కువ పనికివస్తాయి.